డైవ్ కంప్యూటర్: సెల్లు మార్చుకునేదా, చార్జింగ్ పెట్టుకునేదా?

మన తీరంలో చెప్పుకోదగ్గ స్కూబా చోటు లేదు. అంతర్వేది నుంచి కోరంగి మడ అడవుల దాకా ఎక్కడ దిగినా గోదావరి పాయలు తెచ్చిన ఒండ్రే. చాపిన చెయ్యి కనపడని నీళ్లలో చూడ్డానికేముంటుంది? అమలాపురం వాళ్లయినా, భీమవరం వాళ్లయినా, యానాం వాళ్లయినా డైవింగ్ అంటే విశాఖ రుషికొండకో, అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్‌కో, ఇంకాస్త ఓపికుంటే కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణికో బయల్దేరాల్సిందే. ఏడాదికి ఒక ట్రిప్పు, మహా అయితే రెండు. మిగతా నెలలన్నీ ఆ చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్ బీరువాలో పట్టుచీరల పక్కన పడుంటుంది.

కొనేటప్పుడు అందరూ చెప్పే లెక్క ఒకటే: ఒక్క చార్జింగ్‌కి ఇన్ని గంటలు, ఒక్క సెల్లుకి ఇన్ని డైవులు. మనకి ముందు కావాల్సిన లెక్కలు వేరు. అది ఎన్ని నెలలు ఊరికే పడుంటుంది? బ్యాటరీ అయిపోయిన రోజున దాన్ని విప్పేదెవరు? ఈ రెండింటికీ జవాబు తేల్చుకున్నాకే కంపెనీల పేర్లు చూడండి.

కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకి ఒక్క మాట. డైవ్ కంప్యూటర్ లోతు, సమయం కొలిచి మీ ఒంట్లో ఎంత నైట్రోజన్ పేరుకుందో లెక్కగడుతూ ఉంటుంది. ఈ లోతులో ఇంకెన్ని నిమిషాలు ఉండొచ్చో, ఎంత నెమ్మదిగా పైకి రావాలో, మళ్లీ విమానం ఎప్పుడెక్కొచ్చో చెప్పేది అదే. బ్యాటరీ పోయిందంటే ఆ లెక్క మధ్యలో ఆగిపోయినట్టే.

ముందు మీది ఏ రకమో చూడండి

బోర్లించి వెనక భాగం చూడండి. రూపాయి బిళ్ల పట్టేంత గాడితో గుండ్రటి మూత ఉంటే అది మన చేత్తో సెల్లు మార్చుకునే రకం. సూంటో జూప్ నోవో, మారెస్ పక్ ప్రో ఇలాంటివి. వీటిలో సీఆర్2450 బిళ్ల సెల్లు పడుతుంది. క్రెస్సీ లియోనార్డోలో సీఆర్2430. షియర్‌వాటర్ పెర్డిక్స్‌లో అయితే గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లే, అంటే ఏఏ సైజు.

మూత లేకుండా చార్జింగ్ పిన్నులు గానీ, వైర్‌లెస్ చార్జింగ్ గానీ ఉంటే లోపల లిథియం అయాన్ బ్యాటరీని సీలు చేసేశారన్నమాట. సూంటో డీ5, షియర్‌వాటర్ పెరెగ్రిన్, టెరిక్, గార్మిన్ డిసెంట్ వరస, డైవింగ్‌కి వాడే యాపిల్ వాచ్ అల్ట్రా అన్నీ ఈ బాపతే.

మూడో రకం ఒకటుంది, దాని గురించి అమ్మేవాడు పెద్దగా మాట్లాడడు. చూడ్డానికి చేతి గడియారంలా ఉంటుంది, లోపల మామూలు బిళ్ల సెల్లే ఉంటుంది, కానీ వెనక పలకకి నాలుగు బుల్లి స్క్రూలు. సెల్లు మార్చి ప్రెషర్ టెస్ట్ చేసే పని సర్వీస్ సెంటర్‌దే అని కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. కాకినాడలోనో రాజమండ్రిలోనో అలాంటి సెంటర్ కోసం వెతక్కండి. వంద రూపాయల సెల్లు కోసం వేరే రాష్ట్రానికి కొరియర్ చేసి, అది ఎప్పుడు తిరిగొస్తుందా అని ఎదురుచూస్తూ కూర్చోవాలి. మనలాంటి ఊళ్లవాళ్లకి మూడింటిలోనూ ఇదే చెడ్డ బేరం. ఎవరైనా సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా ఇస్తామన్నా ముందు వెనక పలక ఫొటో అడగండి.

అన్నిటినీ చేత్తో మార్చుకునేలా ఎందుకు చెయ్యరని అడగొచ్చు. కారణం తెర. నలుపు తెలుపు ఎల్‌సీడీ తెర కరెంటుని పొదుపుగా తాగుతుంది కాబట్టి సీఆర్2450లో ఉండే 600 మిల్లీ ఆంపియర్ అవర్ల కరెంటుతో ఏడాది, రెండేళ్లు లాగించేస్తుంది. వెలుగులు చిమ్మే రంగుల తెరకి అది ఏ మూలకీ చాలదు. సూంటో డీ5కి నిండా చార్జి చేస్తే వచ్చే డైవ్ సమయం 6 నుంచి 12 గంటలని కంపెనీయే చెబుతుంది.

ఎవరికి ఏది

ఏడాదికి రెండు ట్రిప్పులు మించనివాళ్లకి నా ఓటు చేత్తో సెల్లు మార్చుకునే రకానికే. లిథియం బిళ్ల సెల్లు ఊరికే పడుంటే ఏడాదికి ఒక శాతం దాకా తగ్గుతుంది, అంతే. లిథియం అయాన్ బ్యాటరీ అలా కాదు. వాడినా వాడకపోయినా దాని వయసు అయిపోతూనే ఉంటుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. మన రోహిణి కార్తె ఎండల సంగతి తెలిసిందే కదా.

దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి చిన్నవేమీ కాదు. గార్మిన్ లాంటిది రోజూ చేతికి పెట్టుకుని తిరిగేవాళ్లయితే చార్జింగ్ ఎలాగూ పెడుతూ ఉంటారు కాబట్టి బీరువా గొడవే లేదు. వారం వారం రుషికొండ వెళ్లేవాళ్లకి, అక్కడే ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసే మన కుర్రాళ్లకి చార్జింగ్ రకమే సుఖం. ఇక చత్వారం వచ్చినవాళ్లు. ముక్కు మీద కళ్లజోడు లేకుండా, మాస్కు లోంచి, మసక నీళ్లలో బుల్లి నల్ల అంకెలు చదవడం వాళ్ల వల్ల కాదు. వాళ్లకి రంగుల తెర భోగం కింద లెక్క కాదు, అవసరం. డబ్బుకి వెనకాడకపోతే పెర్డిక్స్ లాంటిది రెండు విధాలా కలిసొస్తుంది: తెర రంగులది, సెల్లు కిరాణా కొట్లో దొరికేది.

పాత చార్జింగ్ మోడల్ కొనేటప్పుడు మాత్రం ఏ సంవత్సరం తయారీదో తప్పకుండా అడగండి. గీత పడని గ్లాసు చూసి మురిసిపోతే లాభం లేదు, ఐదారేళ్లది అయితే లోపల బ్యాటరీ సగం ముసలిదై ఉంటుంది. నిండా చార్జి చేసి, తెర వెలిగించి, గంటకి ఎన్ని శాతం పడిపోతుందో మీ కళ్లతో చూసి అప్పుడు బేరం చెయ్యండి.

సెల్లు కొనేటప్పుడు

సెల్లు మీది అంకెల్లోనే దాని కొలత ఉంటుంది. సీఆర్2450 అంటే 24 మిల్లీమీటర్ల వెడల్పు, 5.0 మందం. సీఆర్2430 అంటే అదే వెడల్పు, మందం 3.0. సీఆర్2032 అంటే 20 వెడల్పు, 3.2 మందం. మన వాచీల షాపుల్లో ఎక్కువగా దొరికేది ఈ ఆఖరుదే, ఎందుకంటే బరువు తూచే మిషన్లకీ, కారు తాళాల రిమోట్లకీ అదే వాడతారు. కౌంటర్ దగ్గర మాట ఇలా సాగుతుంది:

"ఏవండీ, ఇరవైనాలుగు యాభై సెల్లు ఉందాండి?"

"ఇరవై ముప్పైరెండు ఉందండి. రెండూ మూడు వోల్టులే కదండి, కింద చిన్న రేకు మడిచి పెట్టేద్దాం, పట్టేస్తది."

పట్టదండీ. బరువు తూచే మిషనైతే పట్టొచ్చు. బోటు మీంచి వెనక్కి దూకినప్పుడు ఆ రేకు అర క్షణం కదిలినా కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంది, అప్పటిదాకా వేసిన నైట్రోజన్ లెక్కంతా గాలికి పోయే ప్రమాదం ఉంది. సరైన నంబరు దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించండి, ట్రిప్పుకి నెల ముందే. తెలిసిన కంపెనీది, అట్ట ప్యాకింగ్ చింపనిది, గడువు తేదీ ఇంకా చాలా దూరం ఉన్నది తీసుకోండి. విడిగా డబ్బాలో పోసి అమ్మే సెల్లులు వద్దు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. ఎల్‌ఐఆర్2032 అని, అచ్చం సీఆర్2032 లాగే ఉండి చార్జింగ్ పెట్టుకోగలిగే బిళ్ల సెల్లులు అమ్ముతారు. "చార్జింగూ అవుతుంది, మార్చుకోనూవచ్చు, రెండు లాభాలు" అనిపిస్తుంది. నిండా చార్జి అయినప్పుడు అది 4.2 వోల్టులు ఇస్తుంది. మూడు వోల్టుల కోసం చేసిన సర్క్యూట్‌కి అది ఎక్కించకూడదు. పైగా దాన్లో పట్టే కరెంటు సీఆర్2032లో ఐదో వంతు కూడా ఉండదు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే కొత్త సెల్లునీ, తీసేసిన పాత సెల్లునీ అందనంత ఎత్తులో పెట్టండి. మింగితే రెండు గంటల్లోపే అన్నవాహికని కాల్చేస్తుంది. వాంతి చేయించబోకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. పాత సెల్లు అయిపోయింది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, డైవ్ కంప్యూటర్‌ని నడపలేని సెల్లులో కూడా గొంతుని కాల్చేంత కరెంటు మిగిలే ఉంటుంది.

సెల్లు మార్చే పద్ధతి

1. రోజు చూసుకోండి. ట్రిప్పుకి కనీసం వారం ముందు, ఇంట్లో మార్చండి. రెండు డైవుల మధ్య బోటు మీద మాత్రం వద్దు. చాలా మోడళ్లలో సెల్లు తియ్యగానే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ లెక్క చెరిగిపోతుంది. ఆ తర్వాత అది మిమ్మల్ని అసలు డైవే చెయ్యని మనిషి కింద చూసి, ఉండకూడనంత సేపు ఉండనిస్తుంది. ట్రిప్పు మధ్యలో మార్చక తప్పకపోతే విమానం ఎక్కొద్దనే హెచ్చరిక గడువు సున్నాకి వచ్చేదాకా ఆగాలనీ, లేదంటే 48 గంటలు, వీలైతే 100 గంటల దాకా డైవ్ చెయ్యొద్దనీ సూంటో పాత మోడళ్ల పుస్తకాల్లో ఉంది. అంటే ట్రిప్పు అయిపోయినట్టే. మార్చినా లెక్క గుర్తుంచుకునే మోడళ్లు కొన్ని ఉన్నాయి. మీది అదో కాదో పుస్తకంలో చూసుకోండి, పక్కవాడి మాట మీద వెళ్లొద్దు.

2. పాత డైవుల చిట్టా ఫోన్లోకో ఇంట్లో కంప్యూటర్లోకో ఎక్కించుకోండి. సెట్టింగుల పేజీలన్నీ ఒక్కొక్కటీ ఫొటో తీసుకోండి: మీటర్లా అడుగులా, ట్యాంకు గాలిలో ఆక్సిజన్ శాతం ఎంత, జాగ్రత్త స్థాయి ఎంత పెట్టుకున్నారు.

3. కడగండి. ఇక్కడ మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన తిరకాసు ఉంది. తీరం దగ్గరి మండలాల్లో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. సముద్రపు ఉప్పు వదిలించడానికి ఉప్పు నీళ్లతో కడిగితే ఏం ఉపయోగం? మినరల్ వాటర్ టిన్ను లోంచి రెండు చెంబులు గిన్నెలో పోసి అరగంట నానబెట్టండి. బటన్లు నొక్కుతూ ఉండండి, మూత చుట్టూ మెత్తటి బ్రష్షుతో రుద్దండి. మూత గాడిలో ఒక్క ఉప్పు పలుకు మిగిలినా విప్పినప్పుడు అది లోపలికే రాలుతుంది. తర్వాత ఎండలో పెట్టకుండా ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి.

4. చోటు. మన వానాకాలపు గాలిలో తేమ ఎంతో చెప్పక్కర్లేదు. ఆ గాలి లోపల చిక్కుకుంటే చల్లటి నీళ్లలోకి దిగగానే గ్లాసు లోపల ఆవిరి పట్టేస్తుంది. ఏసీ గది ఉంటే అందులో పని పెట్టుకోండి, కంప్యూటర్‌ని కూడా ఓ అరగంట ముందే ఆ గదిలో ఉంచండి. లేకపోతే పొడిగా ఉన్న రోజు చూసుకోండి. దుప్పటి మీదా తువ్వాలు మీదా కాకుండా స్టీలు పళ్లెంలో తెల్ల కాగితం పరిచి చెయ్యండి. ఫ్యాను కట్టెయ్యండి. ఒక్క వెంట్రుక, ఒక్క నూలు పోగు చాలు లోపలికి నీళ్లు రావడానికి.

5. మూత విప్పండి. కంపెనీ ఇచ్చిన తాళం ఉంటే దానితో, లేదంటే గాడికి సరిపోయే బిళ్లతో. స్క్రూడ్రైవర్ జారితే గాడి చెక్కుకుపోతుంది. సెల్లు తీసేముందు ఫోన్లో ఫొటో కొట్టండి, ప్లస్ గుర్తు పైకుందో కిందికుందో తర్వాత తడుముకోనక్కర్లేదు.

6. ఓ-రింగు. అసలు ప్రాణమంతా ఈ నల్లటి రబ్బరు చుట్టలోనే ఉంది. పిన్నీసుతోనో సూదితోనో పైకి లేపొద్దు, కంటికి కనపడని గీత పడుతుంది. రెండు పక్కల నుంచీ వేళ్లతో దగ్గరికి నొక్కితే ఒకచోట ఉబ్బుతుంది, అక్కడ పట్టుకుని తీసెయ్యండి. పాతదాన్ని మళ్లీ వెయ్యొద్దు. మీ మోడల్ పేరుతో సెల్లు, ఓ-రింగు కలిపి కిట్టుగా అమ్ముతారు, అదే కొనండి. మోటార్ల షాపులో అదే సైజు వాషరు ఐదు రూపాయలకే దొరుకుతుంది నిజమే, కానీ రబ్బరు గట్టిదనం, మందం వేరు.

7. గాడి తుడవండి. దూది పుల్ల వద్దు, పోగులు వదులుతుంది. కళ్లజోడు తుడిచే మెత్తటి గుడ్డ బాగుంటుంది.

8. గ్రీజు. కంపెనీ చెప్పిన గ్రీజే, అదీ ఓ-రింగు నిగనిగలాడేంత పల్చగా. మెత్తితే ఇసుకనీ నూగునీ అంటించుకోవడానికి తప్ప పనికిరాదు. నల్లటి నైట్రైల్ రబ్బరుకి సిలికోన్ గ్రీజు సరిపోతుంది. ఓ-రింగే సిలికోన్‌తో చేసినదైతే సిలికోన్ గ్రీజు పడదు, ఉబ్బిపోతుంది. కోనసీమ వాళ్లకి విడిగా ఓ మనవి: కొబ్బరి నూనె వద్దండీ. తలుపు బందుకీ, తలకీ, కాలిన చేతికీ అన్నిటికీ అదే రాసే అలవాటు మనది. ఏసీ గదిలో గడ్డకడుతుంది, తర్వాత జిడ్డు పేరుకుంటుంది.

9. కొత్త సెల్లు అంచులు పట్టుకుని, పొడి గుడ్డతో తుడిచి, ఫొటోలో ఉన్నట్టే పెట్టండి. ఇనప చిమటాతో రెండు ముఖాలూ కలిపి పట్టుకుంటే షార్ట్ అవుతుంది.

10. మూత గుర్తుకి గుర్తు కలిసేదాకా తిప్పి ఆపెయ్యండి. గట్టిగా బిగిస్తే నీళ్లు ఇంకా బాగా ఆగుతాయన్నది భ్రమ. నీటిని ఆపేది ఓ-రింగు, మన బలం కాదు. మరీ బిగిస్తే మూత మరలే చిట్లుతాయి.

11. తేదీ, సమయం, ఆక్సిజన్ శాతం, మీటర్లు అన్నీ ఫొటోలతో సరిచూసుకోండి. ఒక రాత్రి అలా వదిలేసి పొద్దున్న బ్యాటరీ గుర్తు చూడండి. లిథియం బిళ్ల సెల్లు వోల్టేజి చివరిదాకా ఇంచుమించు ఒకేలా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి ఆ గుర్తు నిండుగా కనపడటం పెద్ద భరోసా ఏమీ కాదు. సెల్లు వేసిన తేదీ చిన్న స్టిక్కరు మీద రాసి పట్టీకి అంటించుకోండి, దాన్నే నమ్మండి.

12. బకెట్ పరీక్ష. మంచినీళ్ల బకెట్లో అరగంట ముంచి తీసి, గ్లాసు లోపల ఆవిరి పట్టిందేమో వెలుతురులో చూడండి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది, 30 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకి మూడు కిలోలు అదనంగా నొక్కుతుంది. బకెట్లో అదేమీ ఉండదు, అయినా ఈ పరీక్ష దండగ కాదు. లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడే ఓ-రింగుని గాడిలోకి అదిమి మూసేస్తుంది. అది సరిగ్గా కూర్చోకపోతే ఒత్తిడి లేని పైనీళ్లలోనే కారుతుంది. ట్రిప్పులో మొదటి డైవ్‌కి కూడా 5 మీటర్ల దగ్గర ఓసారి గ్లాసు చూసుకుని అప్పుడు దిగండి.

పెన్సిల్ సెల్లు వాడే మోడళ్లకి ఇంత తతంగం లేదు, ఓ-రింగు జాగ్రత్తలు మాత్రం ఇవే. కిరాణా కొట్లో "హెవీ డ్యూటీ" అని రాసి చవగ్గా ఇచ్చేవి జింక్ కార్బన్ సెల్లులు. పేరులో బరువే తప్ప లోపల సరుకుండదు. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి తీసుకోండి, ఇంకా మంచివి కావాలంటే లిథియం ఏఏ. మార్చాక మెనూలో ఏ రకం సెల్లు వేశారో ఎంచుకోవాలి, లేదంటే బ్యాటరీ గుర్తు తప్పుడు లెక్క చూపిస్తుంది. ట్రిప్పు అయ్యాక ఆల్కలైన్ సెల్లుని లోపల వదిలెయ్యొద్దు. కారి, లోపలి రేకుల్ని తినేస్తుంది.

ట్యాంకు ప్రెషర్‌ని చేతి కంప్యూటర్‌కి పంపే ట్రాన్స్‌మీటర్ ఉందా? దానికి వేరే సెల్లు ఉంటుందండోయ్. షియర్‌వాటర్ స్విఫ్ట్‌కి సీఆర్123ఏ. చేతిది మార్చి ఇది మర్చిపోవడం మామూలే.

చార్జింగ్ రకం ఉన్నవాళ్లకి

డైవ్ నుంచి వచ్చి తడి మీదే చార్జింగ్‌కి పెట్టకండి. పిన్నుల మీద ఉప్పునీరు ఉండగా కరెంటు పారితే ఆ లోహం కరిగి పచ్చగా చిలుమెక్కుతుంది. మంచినీళ్లతో కడిగి, పిన్నులు పొడిగా ఉన్నాయని వేలితో తడిమి చూశాకే పెట్టాలి. వైర్‌లెస్ చార్జింగ్ ఉన్నవాటికి ఈ పేచీ లేదు, పైగా పెరెగ్రిన్ లాంటిదానికి చార్జర్ పోగొట్టుకున్నా క్యూఐ గుర్తున్న (ఫోన్లకి వాడే వైర్‌లెస్ చార్జింగ్) పలక మీద పని నడుస్తుంది, యాపిల్ వాచ్‌కైతే దాని చార్జరే కావాలి. పిన్నుల రకానికి మాత్రం కంపెనీ కేబులే కావాలి. అది హోటల్లో మర్చిపోతే స్వరాజ్ ద్వీప్ బజారంతా తిరిగినా దొరకదు, కాబట్టి రెండోది కొనుక్కుని ఇంకో సంచిలో పడెయ్యండి.

బీరువా నెలల సంగతి. లిథియం అయాన్ బ్యాటరీకి నిండా చార్జీ, వేడీ రెండూ కలిస్తే అంతకన్నా చేటు లేదు. 40 డిగ్రీల వేడిలో నిండా చార్జితో ఏడాది ఉంచితే దాని సామర్థ్యం సుమారు 65 శాతానికి పడిపోతుంది. అదే 25 డిగ్రీల్లో 40 శాతం చార్జితో ఉంచితే 96 శాతం దాకా నిలుస్తుంది. అందుకని ట్రిప్పు నుంచి రాగానే సగానికి కాస్త అటూ ఇటూగా ఉంచి, పూర్తిగా స్విచాఫ్ చేసి, ఇంట్లో చల్లటి గదిలో పెట్టండి. రేకుల షెడ్డులో, అటక మీద, ఎండలో నిలబెట్టిన కారులో వద్దు. అలాగని అసలు పట్టించుకోకపోయినా కష్టమే. పూర్తిగా సున్నాకి పడి నెలల తరబడి ఉంటే మళ్లీ చార్జింగ్ ఎక్కకపోవచ్చు. రెండు మూడు నెలలకోసారి సగం దాకా ఎక్కించాలి. ఫోన్లో అలారం పెట్టుకుంటే నొక్కేసి మర్చిపోతాం గానీ పండగలు మర్చిపోం కదా. ఏరువాక పున్నమికి ఒకసారి, వినాయక చవితికి ఒకసారి, దీపావళికి ఒకసారి. ఈలోగా అండమాన్ సీజను వచ్చేస్తుంది.

అన్నట్టు తుఫాన్లు కూడా ఆ సీజను మొదట్లోనే వస్తాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ప్రయాణానికి ముందు రాత్రి చార్జింగ్ పెడదాంలే అనుకునేవాళ్లు కరెంటు పోయే అలాంటి వారం ఒకటుందని గుర్తుపెట్టుకుని, రెండు రోజుల ముందే నింపుకోవడం మేలు.

సంచి సర్దేటప్పుడు

విడి లిథియం సెల్లులు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, విమానం కిందికి పంపే పెట్టెలో వెయ్యనివ్వరు. విడి సెల్లుల రెండు ముఖాలకీ టేపు అంటించండి. ఎలాగూ చేతి సంచి మోస్తున్నారు కాబట్టి కంప్యూటర్ కూడా అందులోనే పెట్టండి, పెట్టెలు విసిరే తీరు మనకి తెలియంది కాదు.

తిరుగు ప్రయాణంలోనూ బ్యాటరీ మిగలాలి. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం డీకంప్రెషన్ (పైకి వస్తూ మధ్యలో తప్పనిసరిగా ఆగడం) అవసరం లేని ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రోజుకి ఎక్కువ డైవులు గానీ వరసగా రోజుల తరబడి గానీ చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఆఖరి డైవ్ అవగానే కంప్యూటర్ ఆరిపోతే ఆ లెక్క మీరే గడియారం చూసి వేసుకోవాలి.

నీళ్లలో ఉండగా ఆరిపోతే

మన కేజీ బేసిన్ (కృష్ణా గోదావరి చమురు, గ్యాసు బావులు) లాంటి చోట పైనుంచి గొట్టంలో వచ్చే గాలితో పనిచేసే వాణిజ్య డైవర్లకి లోతు, సమయం పైనున్న సూపర్వైజరే చూస్తాడు. మనకి అలా చూసే నాథుడు లేడు. తెర నల్లబడగానే జోడీకి, అంటే మీతో దిగిన తోటి డైవరుకి, సైగ చేసి డైవ్ ముగించండి. నిమిషానికి 9 మీటర్లకి మించని వేగంతో పైకి వచ్చి, 5 మీటర్ల దగ్గర కనీసం మూడు నిమిషాలు, గాలి ఉంటే ఇంకాసేపు ఆగి బయటికి రండి. "నా దాంట్లో చూసుకుందాంలే" అని జోడీ అన్నా ఒప్పుకోవద్దు. ఇద్దరూ ఒకే లోతులో ఒకే సేపు ఉండరు, లెక్కలు ఒకటి కావు. అద్దెకి ఇంకోటి తీసుకున్నా కనీసం 24 గంటలు ఆగాకే దిగండి, ఎందుకంటే పొద్దున్న మీరు చేసిన డైవులు దానికి తెలియవు.

లోపలికి నీళ్లు దూరితే

సెల్లు మార్చుకునే రకమైతే వెంటనే మూత విప్పి సెల్లు తీసెయ్యండి. ముఖం పక్కకి పెట్టుకుని విప్పండి, లోపల గ్యాసు పట్టి ఉంటే మూత ఎగిరొస్తుంది. చాలా మోడళ్లలో సెల్లు గది వేరు, సర్క్యూట్ గది వేరు కాబట్టి ఇంకా ఆశ ఉన్నట్టే. సెల్లు గదిని మంచినీళ్లతో కడిగి, గుడ్డతో అద్ది, మూత తీసి ఫ్యాను ముందు ఒకటి రెండు రోజులు ఆరబెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు తప్పక అంటారు. వరి పండే చోట ఇంకేం సలహా వస్తుంది? బియ్యప్పొడి, తవుడు రేణువులు ఓ-రింగు గాడిలో చేరతాయి తప్ప ఉప్పు ఎటూ పోదు. ఆరాక కొత్త ఓ-రింగు, కొత్త సెల్లు వేసి, బకెట్ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చెయ్యండి.

సీలు చేసిన చార్జింగ్ రకంలో నీళ్లు కనపడితే చార్జింగ్ మాత్రం పెట్టొద్దు. స్విచాఫ్ చేసి, ముట్టుకోలేనంత వేడెక్కుతోందేమో కొంతసేపు కనిపెట్టుకుని ఉండి, మంచం మీదా సంచిలోనూ కాకుండా గచ్చు మీద విడిగా పెట్టండి. బిల్లు వెతికి, కంపెనీకి ఫోన్ చేసి, పాడైన లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు పంపాలని ముందే చెప్పండి. ఎలా ప్యాక్ చెయ్యాలో, ఏ కొరియర్ తీసుకుంటుందో వాళ్లనే అడగండి.